కారు కురిసిన కాలము

పెంకుటింట పుట్టి పెరిగినవారికి కురియుట యను మాటకు రెండర్థములు తెలియును: ఆకాశమును కురియును, ఇల్లును కురియును. ఇల్లు కురియుచున్నదన్నచో, చెంబులును బిందెలును ధార పడుచోటికి చేరవలసిన వేళ వచ్చినదన్నమాట. అంబాసిడరు కారు మన ఊళ్ళకు వచ్చిన పిదప ఆ మాట ఇల్లు దాటి వీథికెక్కెను. "కారు కురుస్తోందండీ" అని యజమాని షెడ్డు ముంగిట పలుకగనే, మేస్త్రి మారు ప్రశ్న వేయక డోరు తెరచి, కాళ్ళచోటి మ్యాటునెత్తి, దాని క్రింది పట్టాను వ్రేళ్ళతో పిండి చూచెడివాడు.

కారు పుట్టిననాడు దానికీ దోషము లేదు, ఏలయన దానికి స్థిరమైన కప్పే లేదు. గుఱ్ఱపుబండి పోలికనే మడచుటకు వీలగు గుడ్డకప్పుతో తిరిగిన ఆ వాహనమునందు తడియుట ప్రయాణములో భాగమే గాని ఫిర్యాదు కాదు. 1919లో అమెరికాలో అమ్ముడుపోయిన కార్లలో నూటికి సుమారు పది మాత్రమే నలువైపుల మూసినవి. 1927 నాటికి అవి నూటికి ఎనుబదియైదయ్యెను. మూసిన కారు కొన్నవాడు పొడిగానుండుటకే అధికమూల్య మిచ్చినాడు గనుక, కురియుట అపరాధమైనది అప్పుడే. అంత వెడల్పైన ఉక్కురేకును ఒక్కటిగా సాగదీసి అచ్చొత్తు సాధనములు అప్పటికి లేకపోవుటచేత, కప్పు అంచులను మాత్రము రేకుతో కట్టి, నడుమ కొయ్యబద్దలు పేర్చి, దూది పరచి, పైన పూతపూసిన గుడ్డను బిగించెడివారు. ఎండకు ఆ పూత బీటలువారగా గుడ్డ చిరిగి, వాన నడినెత్తిననే దిగెడిది. జనరల్ మోటార్సువారు తమ 1935 మోడళ్ళలో ఏకఖండమైన ఉక్కుకప్పును ప్రవేశపెట్టిన తరువాత నడినెత్తి బాధ తీరినది. నీరు మాత్రము అంచుల వెంట త్రోవ వెదకసాగినది.

కలకత్తా చెంత ఉత్తరపారాలో 1950ల చివరనుండి 2014 వరకు తయారైన అంబాసిడరు, ఇంగ్లాండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి భారతీయ రూపము. దాని డోరుల పైగా రేకుతో మలచిన సన్నని గాడి యొకటి కలదు. మన ఇండ్లకు చూరెట్టిదో దానికది యట్టిది, కప్పుమీది నీటిని డోరుపై పడనీయక ముందునకును వెనుకకును మళ్ళించును. డోరు సంగతి అంతకంటె చిత్రమైనది. కిటికీ అద్దము పైకిని క్రిందికిని జరుగవలెను గనుక దాని వెంట కొంత నీరు డోరు పొట్టలోనికి జారక తప్పదు. ఆ కూర్పు చేసినవారు దానినాపుటకు పెనుగులాడక, డోరు అడుగున చిన్న రంధ్రములుంచి బయటికి సాగనంపిరి. ఇందలి వివేకమునకు నేను ముగ్ధుడను. రోడ్ల దుమ్ముతో ఆ రంధ్రములు పూడినచో నీరక్కడనే నిలిచి, రేకు లోపలినుండి తుప్పుపట్టును. వానలకు ముందు వానిని ఇనుపతీగతో పొడిచి శుభ్రము చేయుట నెరిగిన డ్రైవర్ల కార్లు చిరకాలము మన్నెను.

మా నాన్నగారు కొన్న సెకండుహ్యాండు అంబాసిడరు ప్రతి కార్తీకపు వాయుగుండమునకును ఎడమప్రక్క కాళ్ళచోట మడుగు కట్టెడిది. ఒక షెడ్డువారు లోపలనుండి ఫ్లోరు రేకుకు దట్టముగా తారు పూసిరి. వచ్చెడు నీరు వచ్చుచునే యుండి, పోవు దారి మాత్రము మూతపడుటచే, మరుసటి ఏటికి ఆ రేకు మడమ తగిలిన గుంటపడునంత మెత్తబడెను. పిదప దొరికిన ముసలి మేస్త్రి తారు డబ్బా ముట్టలేదు. మ్యాట్లన్నియు తీయించి, బండిని ఒకపూట ఎండనుంచి, ఫ్లోరుపై పాత వార్తాపత్రికలు పరచి, తాను టార్చితో డ్యాష్‌బోర్డు క్రింద దూరి, పైపు పట్టిన కుఱ్ఱవానిని క్రిందినుండి పైకి మెల్లగా తడుపుమనెను. మొదటనే కప్పుపై పోసినచో నీరు సర్వత్ర జారి, ఏ సందు దోషియో తేలదు. డోరు అంచు గడచెను, డోరు స్తంభము గడచెను. ముందరి అద్దపు ఎడమ మూలకు ధార చేరిన కొంతసేపటికి వైర్ల కట్ట వెంబడి ఒక్క చుక్క జారి పత్రికపై పడెను.

"తడిసేది ఇక్కడండీ, కురిసేది అక్కడ" అని ఆయన నాన్నగారికి వ్రేలితో చూపెను. అద్దము చుట్టునున్న రబ్బరు బీడింగు ఏండ్ల యెండకు తాటిమట్టవలె బిరుసెక్కి, ఆ మూలలో రేకును వదలియుండెను.

బీడింగు మార్చుట నేను దగ్గర నిలిచి చూచితిని. క్రొత్త రబ్బరును అద్దము చుట్టు తొడిగి, దాని వెలుపలి గాడిలో బలమైన పురికొసను చుట్టంతయు దూర్చి, రెండు కొసలను లోపలివైపు వ్రేలాడ విడిచి, సబ్బునీరు రాచి, అద్దమును చట్రమున కానించిరి. కుఱ్ఱవాడు వెలుపలినుండి అరచేతులతో అదుముచుండగా, మేస్త్రి లోన కూర్చుండి కొసను అంగుళమంగుళము లాగెను. లాగినకొలది రబ్బరు పెదవి లేచి రేకు అంచును కప్పుకొనుచు పోయెను. నేటి కార్ల అద్దములను జిగురుతో అతికించుచున్నారు గాన ఈ పురికొస విద్యకు పని తగ్గినది.

సాయంకాలము మరల పత్రికలు పరచి, ఈసారి కప్పుమీదనుండియే పావుగంటసేపు నీరు పోయించెను. అనంతరము నాన్నగారు వంగి ఎడమప్రక్క కాగితమును తీసి నలుపగా, అది గరగరలాడెను.