మంచం పట్టినవారి చాకిరీ ఎవరి ఖర్చు? ధాత కరువు నుండి నేటి పింఛను దాకా

ఇంట్లో పెద్దవారు మంచం పట్టినప్పుడు మందుల ఖర్చు లెక్క వేయని కుటుంబం ఉండదు. స్కానింగుకు ఎంతయింది, ఇంజెక్షన్లకు ఎంతయింది, ఆసుపత్రికి తీసుకుపోయిన ఆటోకు ఎంతయింది, అన్నీ నోటితోనే చెబుతారు. ఆ పెద్దవారిని ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, తుడిచి, ముద్ద తినిపించి, రాత్రి రెండు గంటలకు లేచి పక్కకు తిప్పే మనిషి ఖర్చు మాత్రం ఆ లెక్కలో కనబడదు. ఆ మనిషి సాధారణంగా ఇంటి కోడలో, కూతురో, తానే డెబ్బై దాటిన భార్యో అవుతుంది. మన కర్నూలు, కడప జిల్లాల చరిత్రలో ఒకసారి, అదీ అత్యంత ఘోరమైన విపత్తు తరువాత, ప్రభుత్వం ఆ మనిషిని కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ సంగతి నేడు ఎక్కువమందికి తెలియదు కనుక అక్కడి నుండి మొదలుపెడతాను.

ఈ సీమ 1800లో నిజాము చేతి నుండి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కర్నూలు నవాబు కింద మిగిలిన భాగం 1839లో కలిసింది. ఎవరి ఏలుబడి అయినా నేల మాత్రం మెట్ట నేల. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన మీద జొన్న, కొర్ర, ఆ తరువాతి కాలంలో వేరుశనగ. ముసలితనానికి పూచీ అంటే ఇక్కడ భూమే. అన్నదమ్ములు భాగాలు పంచుకునేటప్పుడు తల్లిదండ్రుల పాలు అని కొంత చేను విడిగా ఉంచడం, ఆ చేను ఎవరు సాగు చేస్తే వారు పెద్దలకు గింజలు కొలవడం, అది కుదరనిచోట కొడుకుల ఇళ్ళలో నెలకొక వంతుగా ఉండడం మన పల్లెలకు తెలిసిన ఏర్పాట్లే. వీటిని తక్కువ చేసి మాట్లాడను. ఇవి ఆనాటి వృద్ధాప్య ప్రణాళికలు. కానీ వీటిలో ఒక లోపం ఉంది. ఆధారమంతా వాన మీదే. వాన లేని ఏడు కొడుకు గాదె, తండ్రి గాదె, ఊరి షావుకారు గాదె ఒక్కసారే ఖాళీ అవుతాయి. ఆదుకోవలసిన వాడు, ఆదుకోబడవలసిన వాడు ఒకే వానకు కట్టుబడి ఉన్నప్పుడు అది పూచీ అనిపించుకోదు.

ఆ లోపం 1876లో బయటపడింది. ధాత నామ సంవత్సరంలో వచ్చినందున మనవారు దానిని ధాత కరువు అన్నారు. జనాభా లెక్కలలో 1871లో సుమారు 9 లక్షల 14 వేలున్న కర్నూలు జిల్లా 1881 నాటికి సుమారు 6 లక్షల 78 వేలకు పడిపోయింది. అంటే నలుగురిలో ఒకరు తగ్గారు. కడప జిల్లా పదమూడున్నర లక్షల నుండి సుమారు పదకొండు లక్షల ఇరవై వేలకు దిగింది. పోయినవారందరూ చనిపోయినవారు కారు, వలస పోయినవారూ ఉన్నారు. ఇంతటి కరువులో ఎవరు ముందు పోతారో వైద్యుడికి చెప్పనక్కరలేదు: పసిపిల్లలు, ముసలివారు.

ఆ రోజులలో జరిగిన ఒక వాదం గురించి మీకు చెప్పాలి. వైస్రాయి లిట్టన్ 1877 ఆరంభంలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసు రాజధానికి పంపాడు. ఖర్చు తగ్గించడం ఆయన పని. కరువు పనులకు వచ్చిన మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన ఒక అణా చాలునని టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు ప్రభుత్వ శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించాడు. మట్టి మోసే మనిషి అరకిలో కూడా లేని ధాన్యంతో బ్రతకలేడని, పప్పుదినుసులు కూడా కావాలని అంకెలతో సహా రాశాడు. చివరకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచవలసి వచ్చింది. ఒక ప్రభుత్వ వైద్యుడు పై అధికారి మాటకు తల ఊపకుండా రోగుల శరీరాలను చూసి మాట్లాడిన సందర్భం ఇది. మా వృత్తిలో ఆయన పేరు ఇంకా ఎక్కువ తలచుకోవలసింది.

కరువు చల్లబడ్డాక రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన కూర్చున్న కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1883లో భారత ప్రభుత్వం నమూనా కరువు నియమావళి తయారుచేసింది, రాష్ట్రాలు తమ తమ నియమావళులు రాసుకున్నాయి. పని చేయగలవారికి పని, చేయలేనివారికి ఊరిలోనే ఉచిత సహాయం అన్నది దాని సారం. ఉచిత సహాయానికి అర్హులెవరు? అంధులు, అవిటివారు, వయసు వలన గానీ బలహీనత వలన గానీ సంపాదించలేనివారు. ఆ జాబితాలోనే మరొక వర్గం ఉంది. ఇంట్లో రోగినో పసిబిడ్డనో విడిచి కదలలేక, వారి దగ్గరే ఉండి తీరవలసినవారు. అంటే మంచం పట్టిన అత్తను చూసుకుంటూ కరువు పనికి పోలేని కోడలికి కూడా తిండి గింజలు ఇవ్వాలని ఆ కఠినమైన ప్రభుత్వమే కాగితం మీద పెట్టింది. అది దయతో పెట్టిన నియమమని నేను అనుకోను. ఆమెను పనికి పంపితే ఇంట్లో మనిషి చస్తుంది, పంపకపోతే ఇద్దరూ చస్తారు అన్న అనుభవం నేర్పిన నియమం అది.

అయితే ఇదంతా కరువు ప్రకటించిన నెలలకే. మామూలు రోజులలో ఇంగ్లండులో ఉన్నట్టు బీదల చట్టం ఇక్కడ అక్కరలేదని, ఈ దేశంలో కుటుంబమూ ఊరి దానధర్మమూ ఆ పని చేస్తాయని పాలకులు తీర్మానించుకున్నారు. ఆ నమ్మకం తెల్లవారితో పోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో రాయలసీమను మళ్ళీ కరువు కమ్మింది. గంజి కేంద్రాలు తెరిచారు, వానలు పడ్డాక మూసేశారు.

ఆ తరువాత వచ్చిన చట్టాలు కూడా కుటుంబం వైపే వేలు చూపాయి. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వృద్ధ తల్లిదండ్రుల పోషణ బాధ్యతను కొడుకుతో పాటు కూతురి మీద కూడా పెట్టింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ తల్లిదండ్రులకు మనోవర్తి అడిగే హక్కు ఇచ్చింది. నేడు అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. పెళ్ళయిన కూతురు కూడా ఇందుకు బాధ్యురాలేనని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రభుత్వపు సొంత సొమ్ము దేశమంతటా వృద్ధుల చేతికి రావడం 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకంతో మొదలైంది. నెలకు 75 రూపాయలు. అదే 1995లో జర్మనీ దీర్ఘకాలిక సంరక్షణకు ప్రత్యేక బీమా మొదలుపెట్టింది. ఇంటివారే చాకిరీ చేస్తే వారి కోసం నగదు ఇచ్చే వీలు అందులో ఉంది. జపాను 2000లో అటువంటి బీమా తెచ్చి, నలభై ఏళ్ళు నిండిన ప్రతివారి నుండి చందా వసూలు చేయసాగింది. అవి సంపన్న దేశాలు, మనకు పోలిక కుదరదు అంటారు. కేరళ మన పొరుగుదే కదా! అక్కడ ఆశ్వాసకిరణం అనే పథకం కింద మంచం పట్టినవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు ఇస్తారు. మొత్తం చిన్నదే, కానీ అది రోగి పేర కాక చూసుకునే మనిషి పేర వచ్చే సొమ్ము.

మన రాష్ట్రంలో పింఛను పెరిగిన తీరు గమనించదగినది. రాజశేఖరరెడ్డి గారి కాలంలో 200 రూపాయలు, 2014 అక్టోబరులో వెయ్యి, 2019 జనవరిలో రెండు వేలు, 2024లో నాలుగు వేలు. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి పదిహేను వేలు. ఉపాధి హామీ కూలితో పోల్చి చూడండి. 2024-25లో మన రాష్ట్రంలో ఆ కూలి రోజుకు 300 రూపాయలు. నాలుగు వేలు అంటే పదమూడు రోజుల కూలి. ముసలివారు తామే నడవగలిగి, వండుకోగలిగితే అది నిజమైన ఆసరా. వారిని చూసుకోవడానికి ఒక మనిషి నెలంతా పని మానుకోవలసి వస్తే ఆ ఇంటికి నష్టమయ్యేది తొమ్మిది వేలు. పదిహేను వేల పింఛను ఒక్కటే ఈ లెక్కకు సరితూగుతుంది. నా దృష్టిలో అది మన రాష్ట్రంలో దీర్ఘకాలిక సంరక్షణకు ఇచ్చే తొలి నిజమైన సొమ్ము, పేరు పింఛను అయినా సరే.

ఇప్పుడు సమస్య గింజలది కాదు, చేతులది. కోసిగి, ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు పంటలు ఇంటికి రాగానే కుటుంబాలు మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు పోతాయి. కొన్ని వీధులలో ముసలివారు, వారి వద్ద వదిలిన పిల్లలు మాత్రమే మిగులుతారు. రాజంపేట, రాయచోటి వైపు నుండి ఎందరో కువైట్ పోయారు. వారిలో ఆడవారు అక్కడి ఇళ్ళలో చేసే పని ఏమిటి? వంట, పిల్లలను చూడడం, పెద్దలకు ఊడిగం. అక్కడ దానికి జీతం ఉంది. అదే పని సొంత ఊరిలో సొంత తల్లికి చేస్తే జీతం లేదు, కనుకనే పోయారు.

ఇక మీ ఇంటి సంగతికి వద్దాము. మొదట భూమి. పెద్దవారు బాగున్నప్పుడే ఆస్తిని కొడుకు పేరనో మనవడి పేరనో రాసి, తరువాత కూటికి ఎదురుచూసే స్థితిని ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన ప్రతి వైద్యుడూ చూసే ఉంటాడు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయించవచ్చు. కిటుకు అంతా షరతు అన్న మాటలో ఉంది. షరతు ఉన్నదని రుజువు కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరొక తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగే విధంగా ఉదారంగా చదవాలని చెప్పి, ఒక తల్లి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసింది. కోర్టు ఉదారతను నమ్ముకోవడం కంటే, తిండి, మందులు, చూసుకునే మనిషి అన్న మూడు మాటలు దస్తావేజులోనే రాయించండి. రాయకుండా ఆపుకోగలిగితే ఇంకా మేలు. వీలునామా రాసి, బ్రతికినంత కాలం హక్కు తమ వద్దే ఉంచుకోవడం పెద్దలకు క్షేమం.

పిల్లలు చూడకపోతే రెవెన్యూ డివిజనల్ అధికారి వద్ద ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు ఇవ్వవచ్చు. ప్లీడరు అక్కరలేదు. పోషణ దరఖాస్తును తొంభై రోజులలో తేల్చాలని చట్టం చెబుతుంది. నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు. పెద్దలు కోర్టుకెక్కడానికి వెనుకాడతారు, ఊరిలో పరువని. ఆ సంకోచాన్ని నేను అర్థం చేసుకుంటాను. చాలా సందర్భాలలో దరఖాస్తు వేస్తామన్న మాటతోనే అన్నదమ్ములు కూర్చుని వంతులు తేల్చుకుంటారు.

తరువాత చేతుల లెక్క. పక్షవాతంతో కదలలేని మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పకపోతే పడక పుండ్లు పడతాయి. రోజుకు పన్నెండు సార్లు, అందులో నాలుగు రాత్రి నిద్రలో. గాలి పరుపు కొంత భారం తగ్గిస్తుంది కానీ తిప్పే పని మానిపించదు. దీనిని ఒక్క మనిషి నెలల తరబడి చేయలేదు. చేయిస్తే మీ ఇంట్లో రెండో రోగి తయారవుతుంది. ఆరోగ్యశ్రీ గానీ, డెబ్బై నిండినవారికి కేంద్రం 2024లో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ గానీ ఆసుపత్రిలో చికిత్సకు సొమ్ము ఇస్తాయి. ఇంటికి వచ్చాక ఈ పన్నెండు సార్లకు ఇవ్వవు. అందుచేత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చున్నప్పుడు మందుల బిల్లును సమంగా పంచుకుని లేవకండి. చాకిరీ చేసే ఇంటికి నెలకు ఇంత అని మిగతావారు పంపాలి. అడగకముందే పంపాలి. మూడు వందల కూలితో నెల లెక్క కడితే ఎంతో పైన చెప్పాను. బెంగళూరులో, కువైట్‌లో ఉన్నవారు ఏడాదికి పది రోజులు వచ్చి ఆ మనిషికి విశ్రాంతి ఇవ్వడం కూడా ఈ లెక్కలోనిదే.

పదిహేను వేల పింఛనుకు అర్హత ఉన్నదనిపిస్తే గ్రామ సచివాలయంలో అడగండి. వైద్యుల ధ్రువీకరణ కావాలి, ఇంటికి వచ్చి తనిఖీ కూడా చేస్తారు. ఆసుపత్రి నుండి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, స్కానింగు రిపోర్టు పారేయకుండా దాచుకోండి. ఒకప్పుడు ఊరి రెడ్డి, కరణం రాసిన జాబితా ఇప్పుడు సచివాలయం కంప్యూటరులోకి చేరింది. ఆ పాత జాబితాలో చూసుకునే మనిషికి ఒక గడి ఉండేది. ఈ కొత్తదానిలో ఆ గడి ఇంకా లేదు.