బొర్రా గుహల గాథలు: కాపరి, సర్వే అధికారి

తీరాంధ్ర మత్స్యకారులు గంగమ్మగా కొలిచే జలదేవత నెలవు సముద్రం. భీమునిపట్నం వద్ద ఆ సముద్రంలో కలిసే గోస్తనీ నది పుట్టుకను చెప్పే గాథలు మాత్రం అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల పరిసరాల్లోని కొండదొర, నూకదొర, జాతాపు, పోర్జ, వాల్మీకి తెగల గ్రామాల్లో ప్రచారంలో ఉన్నాయి. ఇక్కడి దైవం నీటిలో కాక, నీరు వెలువడే రాతిలో ఉంటుంది.

వీటిలో రెండు గాథలు ముఖ్యమైనవి. మొదటి దానిలో కొండపై మేస్తున్న ఆవు గుహ పైకప్పులోని బిలం గుండా లోపల పడిపోతుంది. వెదకుతూ వచ్చిన కాపరికి లింగాకారపు శిల కనిపిస్తుంది. ఆవును కాపాడినది ఆ దేవుడేనని అతడు నమ్ముతాడు, గ్రామస్థులు వెలుపల చిన్న గుడి కడతారు. రెండవ దానిలో లింగానికి పైనున్న శిలారూపమే కామధేనువు, దాని పొదుగు నుండి జాలువారేదే గోస్తని. ఈ రెండవ కథలో పురాణచ్ఛాయ స్పష్టం. నది పేరు సంస్కృత సమాసం. ఆ పేరుకు వివరణగానే కథ అల్లుకున్నదని భావించడం సమంజసం. మొదటి కథకు ఆ పేరుతో పనిలేదు. సున్నపురాతి కొండలో కాలికింది నేల హఠాత్తుగా బోలు కావడం, పశువు తప్పిపోవడం, దానిని వెదకుతూ చీకటిలోకి దిగడం వంటివి పశువుల కాపరులకు తెలిసిన అనుభవాలే. ప్రాచీనతను నిర్ణయించలేకపోయినా, కొండ బతుకుకు దగ్గరగా ఉన్నది ఈ కథే.

లిఖిత చరిత్ర ఈ కాపరిని పక్కన పెట్టింది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ 1807లో ఈ గుహలను కనుగొన్నాడని పర్యాటక రచనలు పదేపదే చెబుతాయి. ఆ సంస్థ ఏర్పడినదే 1851లో. సింగరేణి బొగ్గు నిక్షేపాలతో పేరు ముడిపడిన విలియం కింగ్ దానికి అధిపతి అయినది 1887లో. సంవత్సరం, వ్యక్తి, సంస్థ మూడూ కలిసి నిలవవు. తేదీ లేని జానపద గాథకు ఈ చిక్కు లేదు.

‘కనుగొనడం’ అన్న మాట ఇక్కడ కేవలం ప్రశంస కాదు. కొండను అంతవరకు ఎవరికీ చెందనిదిగా అది చూపుతుంది. బొర్రా పంచాయతీ ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల కౌళ్లపై ‘సమత’ సంస్థ న్యాయపోరాటం చేసింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, 1970లో సవరించిన 1959 నాటి భూబదలాయింపు నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న పదం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు కౌలుకివ్వరాదని తీర్పు చెప్పింది. తీర్పుకు ఆధారం శాసనమే తప్ప గాథ కాదు. అయినా న్యాయస్థానం ముందుకు వచ్చిన ఆ కొండ, కాపరి తన ఆవును వెదికిన కొండే.