బొంత విప్పితే

దసరా పోయిన వారానికి మా అమ్మ కుట్టిన బొంతను విప్పాను. కూతురికి ఏడో నెల. పురుడు మా ఇంట్లోనే, ఈ బాసరలోనే. పుట్టిన బిడ్డను కొత్తబట్టలో చుట్టరు. “కొత్తది గుచ్చుకుంటది, గంజి వాసన కొడ్తది” అనేది అమ్మ. కాబట్టి మెత్తబడ్డ పాత నూలుబట్ట కావాలి. బీరువా అంతా వెతికితే నావన్నీ పాలిస్టరు, షిఫాను, పట్టు. నూలంటూ మిగిలింది ఆ బొంతలోనే.

బ్లేడుతో కుట్లు తెంపి పైపొర లేపాను. అది అమ్మ కట్టిన పూల వాయిల్ చీర. 1985లో నా పెళ్లి ఫొటోలో ఉంది. దాని కింద నాయిన పంచెలు రెండు, పసుప్పచ్చగా మాగిపోయి. అవి మిల్లుబట్ట. మిల్లుబట్ట అంటే మా ఇంట్లో వినిపించినవి రెండే పేర్లు: నాందేడ్ ఉస్మాన్‌షాహీ మిల్లు, వరంగల్‌లో 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు. అన్నిటికీ అడుగున బాపమ్మ ఎర్ర నేతచీర, తొమ్మిది గజాలది. అమ్మ దాన్ని కత్తిరించనే లేదు.

కత్తిరించే పనేముంది? తొమ్మిది గజాలంటే 27 అడుగులు. నాలుగు మడతలేస్తే ఒక్కో మడత ఆరుముప్పావు అడుగులు, మనిషి నిడివికి సరిగ్గా సరి. ఒక్క చీరకే నాలుగు పొరలు. తర్వాత వచ్చిన ఆరు గజాల చీర మూడు మడతలకే ఆరడుగులై ఆగుతుంది, పొడుగు మనిషికి పాదాలు బయటే. చీర కురచై బొంత పలచనైందని నా లెక్క. తప్పైతే ఆ తప్పు నాదే.

గోచి పెట్టి కట్టే ఆ తొమ్మిది గజాల చీర మా వైపు తెలుగు ముసలమ్మలకూ మరాఠీ ముసలమ్మలకూ ఒకటే. 1956 దాకా మా ముధోల్ తాలూకా నాందేడ్ జిల్లాలోదే. భాషల లెక్కన రాష్ట్రాలు గీసినప్పుడు ఆదిలాబాద్‌లో కలిపారు, 2016లో నిర్మల్ జిల్లా అన్నారు. రైలెక్కి మహారాష్ట్ర వైపు ధర్మాబాద్ పోతే మన బొంతనే గోధడీ అంటారు, కుట్టే తీరు ఇదే. బెంగాల్ వాళ్ల కాంథాకు మూలమైన ‘కంథ’ సన్యాసులు కప్పుకునే అతుకుల బట్ట. చిన్నప్పుడు సరస్వతమ్మ గుడి దగ్గర దీక్షపట్టి మధుకరం, అంటే ఇంటింటి భిక్ష, ఎత్తుకునేవాళ్ల చంకలోనూ నేను చూసింది బొంతే.

మా బొంతలో ఒక తిరకాసుంది. మాది పత్తి పండే నల్లరేగడి నేల. బండ్లకొద్దీ పత్తి భైంసా మార్కెట్‌కు పోయేది. కానీ బొంతలో గుప్పెడు దూది ఉండదు. దూదేకుల మనిషిని పిలిచి, ఏకించి, రజాయి కుట్టించుకునేది డబ్బున్న ఇల్లు. పండించిన ఇల్లు దూది అమ్ముకుని పాతచీర కప్పుకునేది.

పత్తి చేలు ఖాళీ అయి ఎండలు ముదిరితే బొంతల కాలం. వాకిట్లో చాప మీద పొరలు పరిచి, మూలలకు రాళ్లు పెట్టి, పెద్ద పెద్ద టాకాలు వేసేవాళ్లు. టాకా సరిగా పడకపోతే బట్టంతా నడిమికి జరిగి ఉబ్బుతుంది. అమ్మ ఓ పక్క, పక్కింటి పెద్దమ్మ ఓ పక్క కూర్చుని, అంచు నుంచి మొదలుపెట్టి, వేలెడు ఎడంతో చుట్టూ తిరుగుతూ నడిమికి చేరేవాళ్లు. పెద్దమ్మ కుట్టు దారం పట్టి గీసినట్టు పోయేది, అమ్మది కొంచెం వంకర. విప్పుతుంటే ఏ వరుస ఎవరిదో తెలిసిపోయింది. పిల్లబొంతకు మూడు పొరలు చాలు, రెండు రోజుల పని. కాకపోతే ముడి పసిదాని ఒంటికి ఒత్తుకోకుండా పొరల మధ్య దాచాలి.

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలు ‘అతుకుల బొంత’ అని వెక్కిరిస్తాయి. రాసేవాళ్లెవరూ బొంత కప్పుకున్నట్టు లేరు. అతుకు పడ్డచోటే అది గట్టిగా ఉంటుంది.

బొంతను దుబాయి దుప్పటి మింగేసిందంటారు. నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల మగవాళ్లు గల్ఫ్ బాట పట్టాక, సెలవుకొచ్చినప్పుడు పులిబొమ్మల, గులాబీపూల మందపాటి దుప్పట్లు తెచ్చేవాళ్లు. మా తమ్ముడూ తెచ్చాడు. బరువు చూసి అమ్మ మురిసింది. నెల తిరక్కముందే మళ్లీ బొంతలోకి దూరింది. ఆ దుప్పటిని ఉతకలేం, ఉతికితే ఆరదు. నన్నడిగితే బొంత ఆగింది చీర వల్ల. పాలిస్టరు చీర చిరగదు, చిరగనిది బొంతలోకి రాదు. వచ్చినా పొర మీద పొర జారుతుంది, పసిపిల్లల తడి పీల్చదు. 2017 నుంచి కొన్నేళ్లు సర్కారు పంచిన సిరిసిల్ల బతుకమ్మ చీరలూ పాలిస్టరువే. మా ఇంట్లో మూటగట్టి ఉన్నాయి, ఒక్కదానికీ రంగు పోలేదు.

అడుగున ఉన్నందుకేమో, బాపమ్మ చీర కొంత బతికింది. నాయిన పంచెలు మాత్రం చేతిలోనే పీలికలయ్యాయి. దొరికినంతలో రెండు పిల్లబొంతలు కుట్టాను. కనీసం ఐదు కావాలి, వచ్చేది చలికాలం, ఒకటి తడిస్తే ఒకటి. అందుకని కొత్త నేతచీర కొన్నాను, అట్టలా గంజిపెట్టినది. ఒకరోజు కట్టుకుంటున్నా, మర్నాడు ఉతికి బండకేసి కొడుతున్నా. కూతురు నవ్వుతోంది. ఇంకా రెండు నెలలు చేతిలో ఉన్నాయి. కొంగు దగ్గర ఇప్పుడిప్పుడే మెత్తబడుతోంది.