ఫైనాన్షియల్ రిస్క్ మేనేజ్‌మెంట్‌లో పీజీ: ఎవరికి, ఎక్కడ, ఎంత భారం?

డిగ్రీ చివరి ఏడాదికి వచ్చేసరికి గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు ఇళ్లలో 'ఎంబీఏనా, ఫారినా' అనే చర్చ మామూలే. ఆ చర్చలో వినిపించే కోర్సుల్లో ఫైనాన్షియల్ రిస్క్ మేనేజ్‌మెంట్ ఒకటి. పేరు పెద్దది, ఫీజు ఇంకా పెద్దది. పొలమో బంగారమో కదిలించే ముందు ఈ చదువేమిటో ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది.

ఏమి నేర్పుతారు?

ఒక బ్యాంకుకో ఇన్సూరెన్స్ కంపెనీకో ఎంత నష్టం రావచ్చు, అది వచ్చే అవకాశమెంత, తట్టుకోవాలంటే ఎంత సొమ్ము పక్కన పెట్టాలి? ఈ మూడు ప్రశ్నలకు లెక్క కట్టడమే ఈ విద్య. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత బాసెల్ 3 నిబంధనలు వచ్చి, బ్యాంకుల్లో ఈ పనికి ప్రాధాన్యం పెరిగింది.

మన ప్రాంతంవాళ్లకు రిస్క్ కొత్తదేం కాదు. 2023లో గుంటూరు యార్డులో మిర్చి క్వింటాలు 20 వేల రూపాయలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరికల్లా ధర ఎంతగా పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఇలా ధర మారడమే మార్కెట్ రిస్క్. కమీషన్ వ్యాపారి ఇచ్చిన అప్పు తిరిగి రాకపోతే క్రెడిట్ రిస్క్. కోల్డ్ స్టోరేజీలో సరుకున్నా కొనేవాడు లేక చేతిలో డబ్బు ఆడకపోతే లిక్విడిటీ రిస్క్. గుమాస్తా తూకం తప్పు రాస్తే ఆపరేషనల్ రిస్క్.

వంద మందికి అప్పు పంచాం కాబట్టి భయం లేదు అనుకోవడానికీ వీల్లేదు. ఆ వందమందీ ఒకే మండలంలో మిర్చి వేసి, 2021లో వచ్చినట్టు నల్ల తామర పురుగు వస్తే అందరూ ఒకేసారి ఆగిపోతారు. దీన్ని కాన్సంట్రేషన్ రిస్క్ అంటారు.

చిన్న లెక్క

క్వింటాలు 12,000 చొప్పున 100 క్వింటాళ్ల మిర్చి ఉందనుకుందాం. విలువ 12 లక్షలు. నెలలో ధర ఊగిసలాట 8 శాతం అనుకుంటే, 8ని 1.65తో గుణించగా 13.2 శాతం, అంటే సుమారు 1.58 లక్షలు వస్తుంది. వంద నెలల్లో 95 నెలలు నష్టం ఇంతకు మించదని దీని అర్థం. దీన్నే 'వాల్యూ ఎట్ రిస్క్' అంటారు. మిగతా 5 నెలల్లో ఎంత పోతుందో మాత్రం ఈ అంకె చెప్పదు. ఇళ్లు కూలేది ఆ 5 నెలల్లోనే. మంచి కోర్సు ఈ సంగతే ఎక్కువగా నేర్పుతుంది.

ఎవరికి సరిపోతుంది?

సంభావ్యత, స్టాటిస్టిక్స్ అంటే భయం లేనివాళ్లకు. పైథాన్, ఎస్‌క్యూఎల్ కూడా రావాలి. బీటెక్, బీఎస్సీ మ్యాథ్స్ పిల్లలకు సులువు. బీకాం వాళ్లు ముందుగా లెక్కలు గట్టి చేసుకోవాలి. అబ్బాయిలైనా అమ్మాయిలైనా హైదరాబాద్‌లోనే పని దొరికే రంగమిది. వెల్స్ ఫార్గో, హెచ్‌ఎస్‌బీసీ, జేపీ మోర్గాన్ లాంటి సంస్థలకు అక్కడ పెద్ద కార్యాలయాలున్నాయి.

ఎక్కడ చదవాలి?

అచ్చంగా ఇదే పేరుతో ఎమ్మెస్సీ లండన్‌లోని యూసీఎల్‌లో, గ్లాస్గో యూనివర్సిటీలో ఉంది. మన దగ్గర దీనికి చేరువైన చదువులు: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఫైనాన్షియల్ ఎకనామిక్స్, హైదరాబాద్‌లోనే 2002లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్, సెబీ స్థాపించిన ఎన్‌ఐఎస్‌ఎం.

తక్కువ ఖర్చు దారి కూడా ఉంది. ఇక్కడే స్టాటిస్టిక్స్‌లో పీజీ చేస్తూ 'గార్ప్' సంస్థ నిర్వహించే ఎఫ్‌ఆర్‌ఎం పరీక్ష రాయవచ్చు. మొదటి భాగంలో 100, రెండో భాగంలో 80 బహుళైచ్ఛిక ప్రశ్నలుంటాయి. రాయడానికి డిగ్రీ తప్పనిసరి కాదు. కానీ సర్టిఫికెట్ చేతికి రావాలంటే రెండేళ్ల అనుభవం చూపాలి.

డబ్బు, వడ్డీ

విదేశీ చదువుకు ఇదే విద్యను ఇంటికి వర్తింపజేయండి. ఉద్యోగం ఏడాది ఆలస్యమైతే వాయిదాలు ఎవరు కడతారు? పౌండు పెరిగితే రెండో విడత ఫీజు ఎక్కణ్నుంచి వస్తుంది? బ్రిటన్‌లో చదువయ్యాక పనికిచ్చే రెండేళ్ల గడువు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యారుణాలపై కేంద్రం వడ్డీ భరించిన 'పఢో పరదేశ్' పథకం 2022-23 నుంచి ఆగిపోయింది. దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

వడ్డీ రుణం, వడ్డీ బ్యాంకులో ఉద్యోగం మన ఇళ్లలో తప్పక వచ్చే ప్రశ్నలే. వీటిని వీసా వచ్చాక కాదు, అడ్మిషన్‌కు ముందే నమ్మకమైన ఆలిమ్‌ను అడగండి. ఈ చదువుకు వేరే దారులూ ఉన్నాయి. తకాఫుల్ సంస్థలకూ రిస్క్ లెక్కగట్టేవాళ్లు కావాలి. మలేషియాలో 2005లో మొదలైన ఇన్‌సీఫ్ ఇస్లామిక్ ఫైనాన్స్‌కే ప్రత్యేకించిన విశ్వవిద్యాలయం. సరుకు, నాణ్యత, పరిమాణం, గడువు ముందే తేల్చుకుని మొత్తం ధర ముందుగానే చెల్లించే 'సలమ్' ఒప్పందం కూడా పంట ధర భయాన్ని పంచుకునే పద్ధతే.

మొదటి అడుగు

కన్సల్టెన్సీ గడప తొక్కే ముందు ఆరు నెలలు ఎఫ్‌ఆర్‌ఎం మొదటి భాగం పుస్తకాలు చదివించండి. పిల్లలకు రుచిస్తే ముందుకెళ్లవచ్చు. రుచించకపోతే పోయింది ఆరు నెలలే. పొలం, బంగారం ఇంట్లోనే ఉంటాయి.