కపాలం తెరవకుండానే

1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ తన రోగి ఆగుస్టె డెటర్ మెదడును సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, కణాల మధ్య గారను, కణాల లోపల చిక్కుముడులను చూశాడు. అప్పటికే ఆమె చనిపోయింది. ఆ తరువాత దాదాపు శతాబ్దం పాటు ఆ జబ్బును ఖాయంగా తేల్చడానికి శవపరీక్షే శరణ్యమైంది. రోగి బతికి ఉండగా డాక్టరు చెప్పేది చాలావరకు లక్షణాలను బట్టి కట్టిన అంచనాయే.

ఆ స్థితిని మార్చింది పెట్ స్కాన్. దాని కథను సాధారణంగా యంత్రంతో మొదలుపెడతారు. 1951లో బోస్టన్‌లో బ్రౌనెల్, స్వీట్ పాజిట్రాన్ల సాయంతో మెదడులోని కణితుల జాడ పట్టారు. 1970ల్లో సెయింట్ లూయీలో టెర్-పొగోసియన్, ఫెల్ప్స్, హాఫ్‌మన్ నేటి స్కానర్‌కు రూపమిచ్చారు. వాళ్ల ఘనత కాదనలేనిది. అయినా నా లెక్కలో ఇది రసాయనవేత్తల కథ. పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌ను ఢీకొన్నప్పుడు ఎదురెదురు దిక్కుల్లో దూసుకుపోయే రెండు గామా కిరణాలను పట్టుకోవడమే యంత్రం పని. ఒంట్లో దేన్ని వెతకాలో నిర్ణయించేది ఆ పాజిట్రాన్లను వెలువరించేలా తయారుచేసి నరంలోకి ఎక్కించే ట్రేసర్ అనే రసాయనం.

మొదటి గొప్ప ట్రేసర్ ఎఫ్‌డీజీ. గ్లూకోజ్‌ను పోలిన అణువుకు ఫ్లోరిన్-18 తగిలించి బ్రూక్‌హేవెన్‌లో తత్సువో ఇడో బృందం దాన్ని తయారుచేసింది. ఆ ఫ్లోరిన్ 110 నిమిషాలకు సగం అయిపోతుంది. అందుకే 1976 ఆగస్టులో దాన్ని హుటాహుటిన విమానంలో ఫిలడెల్ఫియాకు చేర్చి, మొట్టమొదటిసారి మనుషులకు ఎక్కించారు. మెదడులో చక్కెర ఎక్కువ ఖర్చయ్యే చోటు వెలుగుతుంది. అల్జీమర్స్ రోగుల్లో కణతల వైపు, నడినెత్తి వెనుక భాగాలు మసకబారాయి. కణితులకూ చక్కెర ఆకలి ఎక్కువే కాబట్టి ఎఫ్‌డీజీ క్యాన్సర్ వైద్యంలో స్థిరపడింది. మన దగ్గర పెట్ స్కాన్ అనగానే గుండె గుభేలుమనేది అందుకే. 1983లో కెనడాలో ఫ్లోరోడోపా అనే ట్రేసర్‌తో మెదడులోని డోపమిన్ జాడ కనిపించాక పార్కిన్సన్స్ పరిశోధనకూ దారి దొరికింది.

చక్కెర వాడకం తగ్గిందని ఎఫ్‌డీజీ చెప్పగలదు, ఎందుకు తగ్గిందో చెప్పలేదు. పిట్స్‌బర్గ్‌లో క్లంక్, మాథిస్ ఆ చిక్కు విప్పడానికి శవాల కణజాలానికి వేసే థయోఫ్లేవిన్ అనే రంగును పట్టుకున్నారు. ఏళ్ల తరబడి దాని నిర్మాణం మార్చి, రక్తం నుంచి మెదడులోకి వెళ్లి, గారలో ఉండే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌కు అంటుకునేలా చేశారు. 2002 ఫిబ్రవరిలో స్వీడన్‌లోని ఉప్సలాలో తొలి రోగికి దాన్ని ఎక్కించారు. అల్జీమర్ చూసిన గార బతికున్న మనిషిలో కనిపించింది! కాకపోతే దానికి తగిలించిన కార్బన్-11 ఇరవై నిమిషాలకే సగమవుతుంది. దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం పక్కనే లేని ఆసుపత్రికి అందదు. ఆ లోటు తీర్చే ఫ్లోరిన్ ట్రేసర్‌కు 2012లో, కణాల లోపలి టౌ ప్రొటీన్ చిక్కుముడులను చూపేదానికి 2020లో అమెరికా అనుమతులొచ్చాయి.

ఈ అమిలాయిడ్ స్కాన్లతోనే ఇబ్బందికరమైన నిజాలు బయటపడ్డాయి. జ్ఞాపకశక్తి చెక్కుచెదరని వృద్ధుల్లో కొందరి మెదళ్లలో అమిలాయిడ్ పేరుకుని ఉంది. అల్జీమర్స్ అనుకుని మందుల ప్రయోగాల్లో చేర్చుకున్నవారిలో కొందరికి అది అసలే లేదు. అంటే ఆ ప్రయోగాల్లో కొంత భాగం లేని జబ్బుకు మందు వేసి చూడడమే. ఇప్పుడు అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన, అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ అనే మందు ఇవ్వాలంటే ముందుగా అమిలాయిడ్ ఉన్నట్టు నిర్ధారించాలి. ఆ మందుతో స్కాన్ బొమ్మ శుభ్రపడుతుంది. మనిషి మాత్రం అంతగా కోలుకోడు. జబ్బు ముదిరే వేగం కొంత తగ్గుతుంది, అంతే.

2025లో అమెరికాలో అమిలాయిడ్ జాడ పట్టే రక్తపరీక్షకూ అనుమతి వచ్చింది. ఖర్చు, రేడియేషన్ తప్పుతాయి కనుక అమిలాయిడ్ ఉందా లేదా అన్న ప్రశ్న క్రమంగా రక్తపరీక్ష చేతికే పోతుంది. టౌ మెదడులో ఏ భాగం దాకా పాకిందన్న ప్రశ్నకు మాత్రం నేటికీ పెట్ స్కానే దిక్కు.