విల్లు చేసిన చేతులు



శ్రీరామనవమినాడు పందిరి వేయని పల్లె మనలో అరుదు. ఆ స్వామిచేతి వింటికి కోదండమని పేరు. నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పితిని. శివధనుస్సును విఱిచినవా రెవరని యడిగిన పిల్లలందఱును ఒక్కపెట్టున బదులు చెప్పెడివారు. విల్లు దేనితో చేయుదురు, ఎవరు చేయుదురు అని యడిగినచో తరగతి యంతయు మౌనము వహించెడిది. వారి దోషము కాదు. మన కథలు విలుకానిని పొగడినవి గాని వింటిని చెక్కినవానిని తలపలేదు. నేటి ప్రసంగమున ఆ చెక్కిన చేతులను గూర్చి కొంత మనవి చేసెదను.

కొయ్యయు, వెదురును, నారయు మన వానలకును చెదలకును నిలుచునవి కావు. ప్రాచీనుల బాణములకు కూర్చిన రాతిమొనలు, ఇనుపమొనలు భూమిలో దొరకుచున్నవి గాని వాని వెంట నుండిన విండ్లు మట్టిలో గలసిపోయినవి. కావున ఈ విషయమున చరిత్రకు మూడు సాక్ష్యములను వెదకవలయును: మాట, గ్రంథము, చేతిపని.

మొదట మాట. శరమనగా బాణమని యందఱెఱుగుదురు. రెల్లుజాతి గడ్డికిని శరమనియే పేరు. కుమారస్వామి రెల్లుపొదలో నుదయించుటచేతనే శరవణభవుడయ్యెను. గడ్డికాడయే తొలుత బాణమైనదని ఆ యొక్క మాట చెప్పుచున్నది. వింటిత్రాటిని సంస్కృతమున మౌర్వి యందురు. మూర్వ యను మొక్కనారతో పేనినది గనుక మౌర్వి. ఆ మూర్వకు మన పెద్దలు చాగ యని యర్థము చెప్పిరి. ఉపనయనమున క్షత్రియవటువునకు మౌర్వియే మొలత్రాడు కావలయునని మనుస్మృతి విధించినది. తెలుగున వింటిత్రాడు నారి. అదియు నారనుండి వచ్చినదే.

ఇక గ్రంథము. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము మఱుగున బడియుండి, మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున జేరిన తాళపత్రప్రతినుండి రుద్రపట్టణము శామశాస్త్రిగారిచే 1909లో అచ్చుపడెను. అందు ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణమున విండ్లు నాలుగు విధములని యున్నది: తాటిమ్రానితో చేసినది, వెదురుతో చేసినది, ఇతరమైన కొయ్యతో చేసినది, కొమ్ముతో చేసినది. వీనికి కార్ముకము, కోదండము, ద్రూణము, ధనుస్సు అని నాలుగు పేర్లను చెప్పెను. వరుసగా అన్వయించినచో కోదండ మనగా వెదురువిల్లు! రామాలయమున మనము మ్రొక్కెడి కోదండపు పేరు పొలిమేరలోని వెదురుపొదకు చుట్టమని తెలిసిన దినమున నాకు గలిగిన యానందము చెప్పనలవి కాదు. తాటిమ్రాని మాటయు మనకు క్రొత్తది కాదు. చేవగల తాటిచెట్టు పైభాగపు నల్లని పీచు ఎంతటి బరువు నోర్చునో ఇండ్లకు వాసములు వేయించిన మీ కెఱుకయే.

త్రాళ్లను గూర్చి ఆ గ్రంథము ఆఱింటిని చెప్పినది: మూర్వ, జిల్లేడు, జనుము, గవేధు వను గడ్డి, వెదురు, జంతువుల స్నాయువు. బాణపు మొనలు కోయుటకు, గ్రుచ్చుటకు, మోదుటకు తగినట్లు ఇనుముతోను, ఎముకతోను, కొయ్యతోను చేయవలెనట. అంతకంటె గొప్ప సంగతి యొకటి కలదు. ఆయుధములు చేయు పనివారికి ఇంత పని, ఇంత కాలము, ఇంత కూలి యని ముందుగా నిర్ణయింపవలెననియు, చేసిన యాయుధములను తఱచుగా చోటు మార్చి యెండ తగులనీయవలెననియు నందు విధింపబడినది. పేరు వ్రాయకున్నను కూలి వ్రాసిన రాజనీతి యది.

పరదేశీయులును మన విండ్లను జూచి వ్రాసిరి. క్రీస్తునకు పూర్వము 480లో పారశీకరాజు క్షయార్షుడు గ్రీసుపై దండెత్తినప్పుడు అతని సేనలోని భారతీయులు నూలుబట్టలు గట్టి, వెదురువంటి కాడలతో చేసిన విండ్లను, ఇనుపమొనల బాణములను దాల్చిరని హెరొడోటసు వ్రాసెను. అరియను మన కాలిబంటు వింటిని నిలువెత్తుగా వర్ణించెను. దాని కొన నేలకానించి, ఎడమకాలితో నదిమి, మూడు మూరలకు కొంచెము తక్కువైన బాణమును విడుచుదురనియు, దానికి డాలును కవచమును నిలువవనియు చెప్పెను. అట్టి విల్లును క్రీ. పూ. 326లో పురుషోత్తమునకు అలెగ్జాండరుతో జరిగిన యుద్ధమున అక్కఱకు రాలేదు. వానకు నేల జారుడుగా నుండుటచే విండ్లను ఆనించుటకు వీలు లేకపోయెనని కర్టియసు వ్రాసెను. ఎంత గొప్ప పనిముట్టైనను నేలను బట్టియే పనిచేయును.

మూడవది చేతిపని. ఇది మన మన్యములలో నిన్నమొన్నటివఱకు ప్రత్యక్షముగా నుండెను. గోదావరి మన్యములో ఒక కోయ వృద్ధుడు పని చేయుచుండగా నేను దగ్గఱ గూర్చుండి చూచితిని. లేతవెదురు పనికిరాదు, మూడేండ్లు దాటి ముదిరినది కావలయును. వానలు వెడలినపిదప నఱకి నీడలో నార్చవలయును. లేనిచో పురుగు తొలుచును. బొంగును నిలువుగా చీల్చి, లోపలి మెత్తని భాగమును మాత్రమే చెక్కవలయును. పై తొక్క వింటికి వీపు. లాగినప్పుడు సాగెడి బరువంతయు దానిపైననే పడును. "పంతులుగారూ, వీపుమీద కత్తి పడితే అది విల్లు కాదు, పొయ్యిలో కట్టె" అని యతడు నాతో ననెను.

నడుమ దళముగాను, కొనలకు బోనుబోను సన్నముగాను చెక్కి, రెండు ఱెక్కలును సమముగా వంగుచున్నవా యని మాటిమాటికి వంచి చూచెను. ఒక ఱెక్క మొండిదైనచో దానిని కొలదిగా గీకెను; మెత్తనైనదాని జోలికి బోలేదు. కోసినది మరల నతుకుకొనదు గదా! త్రాడును వెదురుబద్దయే; కౌటిల్యుడు చెప్పిన యైదవ నారి. బాణపు కాడను నిప్పుసెగకు గాచి వంకర తీర్చి, ఈక గట్టి, మొన బిగించి నారతో చుట్టెను. అతడు అక్షరము నెఱుగడు. అయినను రెండువేల యేండ్లనాటి గ్రంథములోని పంక్తి యతని వ్రేళ్లలో చెడక నిలిచియుండెను.

యుద్ధమున వింటికాలము ఎప్పుడో ముగిసినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యపువీరులతో చింతపల్లి ఠాణాపై బడినప్పుడు వారు కోరి కొనిపోయినవి తుపాకులే. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను కట్టడి చేసినది. మృగజాతులు తరిగిపోవుచుండగా ఆ కట్టడి న్యాయమే. కాని వేటతోపాటు విద్యయు నశింపవలయునా? విలువిద్య పోలేదు, 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో మన విజయవాడ యాడపడుచు వెన్నము జ్యోతిసురేఖ మూడు స్వర్ణపతకములను గెలిచినది. ఆ వింటిని యంత్రశాలలో చేయుదురు. పోవుచున్నది వెదురును జూచి విల్లును గుర్తింపగల చూపు.

గ్రంథము చినిగినచో వేఱొక ప్రతి దొరకవచ్చును. చేతిలోని విద్యకు రెండవ ప్రతి శిష్యుడొక్కడే. మీ యూరిదాపున విల్లు చేయగల ముసలివాడు మిగిలియున్నచో అతనికి తగిన కూలి యిచ్చి, ఒక్క విల్లు చేయింపుడు. ప్రక్కన ఒక కుఱ్ఱవానిని గూర్చుండబెట్టుడు. ఆ పెద్ద వాడిన ప్రతి మాటను, చెట్టు పేరుతో, పనిముట్టు పేరుతో సహా వ్రాసియుంచుడు; అన్నిటికంటె ముందుగా ఆ పనివాని పేరు వ్రాయుడు.