ధరణికోట రేవు నుంచి మోటుపల్లి అభయశాసనం దాకా: జలప్రయాణంలో ఆపద, ఆదరణ, సన్నద్ధత

వ్యాససంగ్రహం:
కృష్ణాతీరంలోని ధరణికోట ప్రాచీనాంధ్ర నౌకాయాన చరిత్రకు ముఖ్యమైన ఆధారం. అక్కడ బయల్పడిన కాలువ, రేవు కట్టడాలను, బౌద్ధ జాతక సాహిత్యాన్ని, అర్థశాస్త్రంలోని నావధ్యక్ష ప్రకరణాన్ని, కాకతి గణపతిదేవుని మోటుపల్లి శాసనాన్ని కలిపి పరిశీలించి, నీటిపై ఆపదలో పడినవారి విషయంలో రాజ్యం, సమాజం ఏ బాధ్యతను గుర్తించాయో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. సరుకుకు లిఖితపూర్వక రక్షణ ముందుగా దక్కిందనీ, సామాన్య ప్రయాణికుని ప్రాణరక్షణ చాలాకాలం రేవు మనుషుల నైపుణ్యం మీద, దయ మీద ఆధారపడిందనీ ఈ పరిశీలన వల్ల తెలుస్తుంది.

కీలక పదాలు: ధరణికోట, ధాన్యకటకం, రేవు, నావధ్యక్షుడు, మహానావికుడు, మోటుపల్లి, అభయశాసనం, జలరక్షణ.

1. ఉపోద్ఘాతం

నౌకాయాన చరిత్రను ఎక్కువగా వాణిజ్య చరిత్రగానే రాయడం జరిగింది. ఏ రేవు నుంచి ఏ సరుకు ఎగుమతి అయింది, ఏ దేశపు నాణెం ఎక్కడ దొరికింది అనే ప్రశ్నలకు పరిశోధకులు విస్తృతంగా సమాధానాలు చెప్పారు. పడవ మునిగితే ఏమయ్యేది, మునగకుండా ఏ జాగ్రత్తలు తీసుకునేవారు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషి పట్ల, సరుకు పట్ల అక్కడి పాలకుడు ఎలా వ్యవహరించేవాడు అనే ప్రశ్నలు మాత్రం ఆ చర్చలో పక్కన ఉండిపోయాయి. నది మీదా సముద్రం మీదా సాగిన ప్రతి ప్రయాణానికీ ఈ ప్రశ్నలే ప్రాణాధారం.

ఈ ప్రశ్నలకు తెలుగు నేలపై తగిన ఆధారాలు ఉన్నాయి. అవి ఒకేచోట, ఒకే రూపంలో లేవు. కొన్ని కట్టడాలు, కొన్ని కథలు, కొన్ని ధర్మశాస్త్ర, రాజనీతి నియమాలు, కొన్ని శాసనాలు. పల్నాడు జిల్లా అమరావతి మండలంలోని ధరణికోటను కేంద్రంగా చేసుకుని వీటిని వరుసగా పరిశీలించవచ్చు.

2. ధరణికోట: కాలువగా, రేవుగా రూపుదాల్చిన సన్నద్ధత

ధరణికోట ప్రాచీన ధాన్యకటకం. శాతవాహనుల ఏలుబడిలో ప్రముఖ నగరంగా వెలసిన ఈ స్థలంలో భారత పురావస్తు శాఖ 1962-65 మధ్య తవ్వకాలు జరిపింది. సహజమైన నేలపొర దాకా తొలిచిన ఒక నౌకాయాన కాలువ, దాని అంచున మొదట కొయ్యతో, తరువాతి దశలో ఇటుకలతో కట్టిన రేవు అక్కడ బయల్పడ్డాయి. ఈ స్థలంలో జనావాసం క్రీస్తుపూర్వ శతాబ్దాలలోనే మొదలైంది.

ఈ కట్టడాలను వాణిజ్యాభివృద్ధికి గుర్తుగా చెప్పడం పరిపాటి. వాటిని రక్షణ ఏర్పాటుగా కూడా చదవవలసి ఉంది. కృష్ణ వర్షాధార నది. వేసవిలో ఇసుకమేటలు బయటపడే చోటే వానకాలంలో వరద పరవళ్లు తొక్కుతుంది. అటువంటి నదిలో ప్రధాన ప్రవాహానికి ఎదురుగా పడవను కట్టి సరుకు దించడం ప్రమాదకరం. పక్కకు తవ్విన కాలువలో నీటి వేగం తగ్గుతుంది. పడవ నిలకడగా ఉంటుంది. తాడు తెగినా అది నేరుగా నడినదిలోకి కొట్టుకుపోదు. కొయ్య రేవు స్థానంలో ఇటుక రేవును నిర్మించడాన్ని బట్టి ఆ ఏర్పాటు అవసరం తాత్కాలికం కాదని ఊహించవచ్చు. దానిని నిలబెట్టడానికి శ్రమ, ధనం వెచ్చించే వ్యవస్థ ఉండి ఉండాలి.

శాతవాహన రాజులు వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన ఓడ గుర్తు నాణేలపై రెండు తెరచాప కొయ్యలున్న నౌక కనిపిస్తుంది. కృష్ణా ముఖద్వారానికి దగ్గరలోని ఘంటసాల ప్రాకృత శాసనంలో సివకుడనే ‘మహానావికుని’ ప్రస్తావన ఉంది. ‘మహానావికుడు’ అన్న బిరుదు నౌకను నడపడం ఒక వృత్తిగా, అందులో అనుభవజ్ఞునికి ప్రత్యేక గౌరవస్థానం ఉన్నట్లు తెలుపుతుంది.

3. నావికుని స్వీయ సన్నద్ధత: మహాజనక జాతకం

అమరావతి స్తూప శిల్పాలకు జాతక కథలు ముఖ్యమైన ఇతివృత్తాలు. ఆ జాతక సంప్రదాయానికే చెందిన మహాజనక జాతకంలో నౌకాభంగ వర్ణన ఉంది. సువర్ణభూమికి బయలుదేరిన ఓడ నడిసముద్రంలో బద్దలవుతుంది. తోటి ప్రయాణికులు ఏడుస్తూ దేవతలను వేడుకుంటుండగా మహాజనకుడు మాత్రం నెయ్యి, చక్కెర కలిపి కడుపునిండా తింటాడు. బట్టలను నూనెతో తడిపి ఒంటికి బిగించుకుంటాడు. తెరచాప కొయ్య పైకెక్కి దిక్కు నిర్ణయించుకుంటాడు. ఓడ మునిగే చోటికి దూరంగా దూకుతాడు. ఏడు రోజులు ఈదిన తరువాత సముద్ర రక్షకురాలైన మణిమేఖల అతణ్ణి గుర్తించి కాపాడుతుంది.

కథలో పురాణ లక్షణం ఉన్నప్పటికీ జాగ్రత్తల వరుస అనుభవం నుంచి పుట్టినదే. చాలాసేపు నీటిలో ఉండవలసిన మనిషికి శక్తినిచ్చే ఆహారం, చలి నుంచి కాపు, దిక్కు తెలియడం, మునిగే ఓడకు దూరంగా ఉండడం అవసరమని కథకునికి తెలుసు. అంతకంటే ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. రక్షించడమే తన విధిగా గల దేవత ఆ ఏడు రోజులూ సముద్రం వైపు చూడలేదని కథ చెబుతుంది. సాయం అందేది ఆలస్యంగానే. అది అందేవరకు ప్రాణం నిలుపుకొనే భారం ఆపదలో ఉన్నవానిదే. సన్నద్ధతకూ సహాయానికీ ఉన్న సంబంధాన్ని జాతకకర్త ఇంత స్పష్టంగా గ్రహించాడు.

4. రాజ్య బాధ్యత: నావధ్యక్షుడు, రేవు పైలట్లు

వ్యక్తి జాగ్రత్తకు తోడు వ్యవస్థ జాగ్రత్త ఎలా ఉండాలో కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని నావధ్యక్ష ప్రకరణం చెబుతుంది. గాలికి దెబ్బతిని దారితప్పి వచ్చిన నౌకను నావధ్యక్షుడు తండ్రిలా ఆదరించాలి. నీటిలో తడిసిన సరుకుపై సుంకం పూర్తిగా గాని సగం గాని మాఫీ చేయాలి. వేసవిలోనూ చలికాలంలోనూ లోతు తగ్గని పెద్ద నదులలో పెద్ద నావలు నడపాలి. వాటిపై అధిపతి, దారి చూపే నియామకుడు, కొడవలి, తాళ్లు పట్టేవారు, నీరు తోడేవారు ఉండాలి.

ఈ ప్రకరణంలో అతి ముఖ్యమైన నియమం నష్టపరిహారానికి సంబంధించినది. తగిన మనుషులు, సామగ్రి లేకపోవడం వల్ల గాని, మరమ్మతు చేయించకపోవడం వల్ల గాని నావ దెబ్బతింటే ఆ నష్టాన్ని నావధ్యక్షుడే భరించాలి. ప్రమాదానికి విధిని కారణంగా చూపి అధికారి తప్పుకోవడానికి ఇక్కడ తావులేదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం ఈ విభజనను మరోలా చూపుతుంది. పడవవారి తప్పు వల్ల నష్టం కలిగితే వారు ఉమ్మడిగా చెల్లించాలి. దైవికంగా కలిగిన నష్టానికి వారికి దండన లేదు. ఒకటి అధికారిని, మరొకటి శ్రామికుని బాధ్యుణ్ణి చేస్తున్నాయన్న తేడా గమనించదగినది.

నియమం ఆచరణగా మారిన ఒక సందర్భాన్ని క్రీ.శ. మొదటి శతాబ్ది నాటి గ్రీకు గ్రంథం ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ నమోదు చేసింది. శాతవాహనులకూ క్షత్రపులకూ మధ్య పోరు నడిచిన పడమటి తీరప్రాంతంలోని భరుకచ్ఛం వద్ద నది ముఖద్వారం ఇసుకదిబ్బలతో, ఉధృతమైన పోటుతో ప్రమాదకరంగా ఉండేది. రాజుగారి కొలువులోని స్థానిక జాలరులు పెద్ద పడవలలో ఎదురు వెళ్లి, వచ్చే ఓడలను దిబ్బల నడుమ నుంచి నడిపించి, అవసరమైన చోట లాక్కొచ్చి నిర్ణీత స్థానాలలో నిలిపేవారు. ఆ గ్రంథమే తూర్పుతీరంలోని ‘మసాలియా’ ప్రాంతాన్ని కూడా పేర్కొంది. స్థానికుని నీటి పరిజ్ఞానాన్ని రాజ్యం జీతమిచ్చి ఉపయోగించుకున్న తీరు ఈ వర్ణనలో స్పష్టం.

5. మోటుపల్లి అభయశాసనం

మధ్యయుగంలో ఈ ఆదర్శం సర్వత్రా నిలవలేదు. తుపానులో పగిలి తీరానికి కొట్టుకొచ్చిన ఓడ సరుకు ఆ తీరాన్ని ఏలే రాజుదే అన్న ఆచారం బలపడింది. దానిని రద్దు చేసిన పత్రమే కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166 (క్రీ.శ. 1244-45)లో వేయించిన మోటుపల్లి శాసనం. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయంలో ఉన్న ఈ శాసనాన్ని చరిత్రకారులు ‘అభయశాసనం’ అంటారు.

పూర్వపు రాజులు నౌకాభంగానికి గురైన వర్తకుల బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన వాటిని బలవంతంగా తీసుకునేవారని శాసనం సూటిగా ఒప్పుకుంటుంది. ప్రాణంకంటే ధనమే గొప్పదనుకొని సముద్రయానానికి సాహసించే వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీత సుంకం మినహా సర్వం వారికే విడిచిపెడుతున్నట్లు ప్రకటిస్తుంది. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పై వంతులలో ఒక వంతు.

ఈ శాసనానికీ ధరణికోటకూ చారిత్రక బంధం ఉంది. గణపతిదేవుని కుమార్తె గణపాంబ ధాన్యకటకాన్ని ఏలిన కోట వంశపు బేతరాజు భార్య. నదీతీర రాజధానితో వియ్యమంది సముద్రతీర రేవుకు అభయమిచ్చిన పాలకునికి జలమార్గం ప్రాధాన్యం తెలియనిది కాదు. తరువాత కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో మోటుపల్లిలోనే మరొక శాసనం వేయించి, వర్తకులు స్వేచ్ఛగా వచ్చి స్థిరపడవచ్చుననీ, సంతానం లేక మరణించినవారి ఆస్తిని స్వాధీనం చేసుకోబోమనీ హామీ ఇచ్చాడు. కాకతీయుల పతనానంతర కల్లోలంలో చెదిరిన నమ్మకాన్ని తిరిగి కూడగట్టే ప్రయత్నమది.

ప్రపంచ చరిత్రలో ఈ శాసనానికి సమకాలికాలు ఉన్నాయి. 1179 నాటి మూడవ లాటరన్ సభ నౌకాభంగానికి గురైన క్రైస్తవులను దోచుకునేవారిని వెలివేయాలని తీర్మానించింది. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టం, ఓడ నుంచి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే ఆ సరుకును యజమాని లేనిదిగా పరిగణించరాదని నిర్ణయించింది. ఈ రెండింటి నడుమ వెలువడిన మోటుపల్లి శాసనం బాధితుని మతాన్ని గాని, ప్రాణులు మిగలడాన్ని గాని షరతుగా పెట్టలేదు. అందువల్ల దాని అభయం మరింత విశాలమైనది.

6. శాసనం ఎక్కని మనుషులు

అభయం విశాలమైనదైనా దాని పరిధి సరుకే. ఒడ్డుకు చేరిన వర్తకుని ధనానికి హామీ ఉంది. నీటిలో కొట్టుమిట్టాడుతున్న కళాసిని బయటికి లాగవలసిన బాధ్యత ఎవరిదో శాసనంలో లేదు. సుంకం చెల్లించే వర్తకుడు రాజ్యానికి మళ్లీ కావాలి. కాబట్టి అతని నష్టం రాజ్యానికి కనిపించింది. తెప్ప మీద, దోనె మీద, పుట్టి మీద రేవు దాటే కూలీ, రైతు, తీర్థయాత్రికుల ఆపదను నమోదు చేయవలసిన అవసరం ఆ పాలనకు కలగలేదు. వారిని కాపాడినవారు జాలరులు, పడవవారు. వారి పేర్లు రాతి మీదికి రాలేదు.

ఆపదలో ఉన్న మనిషిని కాపాడడం ఓడ అధిపతికి చట్టబద్ధమైన విధిగా అంతర్జాతీయ స్థాయిలో స్థిరపడింది 1910 నాటి బ్రస్సెల్స్ ఒడంబడికతో. అంటే సరుకుకు అభయమిచ్చిన మోటుపల్లి శాసనం తరువాత ఆరున్నర శతాబ్దాలకు పైగా గడిచాక.

7. వర్తమాన కృష్ణా, గోదావరులు

నదులపై ఆనకట్టలు, వంతెనలు, రోడ్లు, రైలుమార్గాలు పెరిగిన కొద్దీ పడవ ప్రయాణం నిత్యావసరం స్థానం నుంచి విహారం స్థానానికి జరిగింది. నీటి తీరు తెలిసిన ప్రయాణికుల స్థానంలో అది తెలియని సందర్శకులు వచ్చారు. 2017 నవంబరు 12న కార్తిక మాసపు ఆదివారం కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక పడవ వరద నీటిలో మునిగింది. ప్రాణాలతో బయటపడిన 26 మందిలో పలువురిని ముందుగా ఆదుకున్నది ఆ ఒడ్డున ఉన్న గ్రామస్థులు, వారి నాటుపడవలు. ఆ ప్రమాదం తరువాత రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములకు శంకుస్థాపన చేసింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం రిజిస్ట్రేషన్, సిబ్బంది అర్హత, ప్రాణరక్షక సామగ్రి, బీమా అంశాలను నియంత్రిస్తుంది.

పరికించి చూస్తే ఈ అంశాలలో పలు వాటికి నావధ్యక్ష ప్రకరణంలో మూలరూపాలు కనిపిస్తాయి. అనుమతించిన రేవు, అనుమతించిన వేళ, తగిన సిబ్బంది, మరమ్మతు, నష్టానికి జవాబుదారీ. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఢీకొనడంతో కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. వరదలో పడవను ఎక్కడ, ఎలా కట్టాలి అన్నది ధరణికోట కాలువను తవ్వినవారు ఎదుర్కొన్న ప్రశ్నే. అదే నదిపై, ఆ ఊరికి దిగువనే, అది మళ్లీ ఎదురైంది.

8. ముగింపు

పై ఆధారాలను బట్టి జలరక్షణ చరిత్రలో మూడు దశలను గుర్తించవచ్చు. ధరణికోట రేవు, మహాజనక జాతకం ప్రమాదానికి ముందు చేసుకోవలసిన సిద్ధతకు ఉదాహరణలు. అర్థశాస్త్రం ఆ సిద్ధతలో లోపానికి అధికారిని బాధ్యుణ్ణి చేసింది. మోటుపల్లి శాసనం ప్రమాదం జరిగిన తరువాత బాధితుని సొత్తుకు అభయమిచ్చింది. మూడింటిలో చివరిదానికి లభించిన చారిత్రక కీర్తి మొదటి రెండింటికి లభించలేదు. ఆపద తరువాతి ఔదార్యం శాసనమై నిలుస్తుంది. ఆపదను తప్పించిన కాలువ పూడి మట్టి కిందికి చేరుతుంది.

ఈ అసమతను సరిదిద్దాలంటే నదీతీర గ్రామాల పడవ వృత్తులవారి పరిజ్ఞానాన్ని, అంటే సుడులు, ఇసుకమేటలు, గాలివాటు, వరద గుర్తులు, కట్టు తాళ్ల పద్ధతులకు సంబంధించిన పదజాలాన్ని, జ్ఞాపకాలను క్షేత్రపర్యటనల ద్వారా సేకరించడం తెలుగు పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం. కచ్చులూరులో ప్రాణాలు నిలిపినది ఆ పరిజ్ఞానమే. అది ఇంకా మనుషుల నోట, చేతుల్లో ఉండగానే నమోదు కావాలి.